చూసే ముఖం: సిమోన్ సిన్యోరే నటనా జీవితం

అందరికీ నమస్కారం. ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషు అక్షరాలను పట్టుకుని చదివితే 'సైమన్ సిగ్నోరెట్' అని నోటికొస్తుంది. ఫ్రెంచివాళ్ల పలుకు అది కాదు. 'జీ', 'ఎన్' పక్కపక్కన వస్తే వాళ్లు 'న్య' అంటారు, చివరి 'టీ'ని మింగేస్తారు. కాబట్టి ఈ ఫ్రెంచి సినిమా నటి పేరు సిమోన్ సిన్యోరే. మన వర్ణమాలలో వాడకం లేక పడివున్న 'ఞ' ఉంది చూశారా, సరిగ్గా అదే ధ్వని. అలా పలికితే పారిస్‌లో కూడా అర్థమవుతుంది.

ఈ పూట నేను ఆమె గురించి ఒక్క విషయమే చెప్పాలనుకుంటున్నాను. ఆమె నటనకు కేంద్రం మాట కాదు, చూపు. ఎదుటివాళ్లను ఆమె చూస్తుంది. ఆ చూడటాన్ని మనం చూస్తాం. కథలో ఏం జరిగిందో, ఏం జరగబోతోందో ఆ ముఖం మీద తెలుస్తుంది. నలభై ఏళ్ల పనిలో ఆమె గొప్ప సన్నివేశాలన్నీ ఈ పద్ధతిలోనే నిలబడ్డాయి. జీవిత కథ చెబుతూ మధ్యలో ఆగి కొన్ని సన్నివేశాలు విప్పి చూపిస్తాను. కథలు బయటపడతాయి, దానికి ముందే క్షమించండి. ముగింపు తెలిస్తే పాడైపోయే సినిమా వీటిలో ఒక్కటే. దాని దగ్గరికి వచ్చినప్పుడు నోరు కట్టేసుకుంటాను.

ఆమె 1921 మార్చి 25న జర్మనీలోని వీస్‌బాడెన్‌లో పుట్టింది. ఫ్రెంచి మనిషి జర్మనీలో ఎందుకు పుట్టిందంటే, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రైన్ నది ప్రాంతం ఫ్రెంచి సైన్యం అధీనంలో ఉంది, తండ్రి ఆంద్రే కామింకెర్ ఆ సైన్యంతో అక్కడ ఉన్నాడు. ఆయన పోలండ్ మూలాలున్న యూదు కుటుంబంవాడు. తల్లి జార్జెట్ సిన్యోరే కాథలిక్. తండ్రి వృత్తి మీద కాస్త ఆగుదాం. వక్త మాట్లాడుతుండగానే వెంట వెంటనే మరో భాషలో చెప్పే దుబాసీ పనికి ఆయన ఆద్యుల్లో ఒకడు. 1934లో నూరెంబర్గ్‌లో హిట్లర్ ప్రసంగాన్ని ఫ్రెంచి రేడియోకి అప్పటికప్పుడు ఫ్రెంచిలో చెప్పిన గొంతు ఆయనదే. పారిస్ అంచున నెయ్యీ-సూర్-సేన్‌లో పెరిగిన కూతురికి ఇంగ్లీషు బాగా అబ్బింది. తర్వాత ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది ఆ ఇంగ్లీషే.

1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించారు. తండ్రి లండన్ వెళ్లి, అక్కడి నుంచి జర్మన్ల మీద పోరాటం సాగిస్తున్న ఫ్రెంచి సేనాని ద్గోల్ పక్షాన చేరాడు. తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, చేతిలో డబ్బు లేదు. ఇల్లు నడపాల్సిన భారం పంతొమ్మిదేళ్ల పిల్ల మీద పడింది. ఆ మధ్యలో బ్రిటనీ ప్రాంతంలోని వాన్ ఊరి బడిలో కొన్నాళ్లు చదివింది. అక్కడ చరిత్ర చెప్పిన ఉపాధ్యాయిని తర్వాత లూసీ ఓబ్రాక్ పేరుతో ఫ్రెంచి ప్రతిఘటన ఉద్యమంలో చిరస్మరణీయురాలైంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

పారిస్‌లో మొదట దొరికిన ఉద్యోగం జర్మన్లకు వత్తాసు పలికే ఒక దినపత్రిక కార్యాలయంలో. ఆ పత్రిక అధిపతి ఝాఁ లుషేర్. ఆయన కూతురు ఈమెకు బడిలో తెలిసిన అమ్మాయి, ఉద్యోగం అలా వచ్చింది. తండ్రి లండన్‌లో ద్గోల్ మనిషి, కూతురు పారిస్‌లో శత్రుపక్షపు పత్రికలో గుమాస్తా. నెలల వ్యవధిలో ఆమె అది వదిలేసింది. ఈ సంగతి ఎవరో తవ్వి తీసింది కాదు. 1976లో అచ్చయిన తన ఆత్మకథలో ఆమే దాపరికం లేకుండా రాసింది. మంచి స్థానంలో ఉన్న మనిషి ఇలాంటి పేజీని తన చేత్తో రాయడం సామాన్యమైన విషయం కాదని నా అభిప్రాయం.

అక్కడి నుంచి సెయింట్-జెర్మెయిన్ పేటలోని కాఫే ద ఫ్లోర్. కవులు, చిత్రకారులు, సినిమావాళ్లు, రాజకీయం మాట్లాడేవాళ్లు అక్కడ చేరేవాళ్లు. సినిమాల్లోకి దారి అక్కడే పడింది. కానీ ఒక అడ్డం ఉంది. ఆక్రమణ కాలంలో తెర మీద పని చేయాలంటే ఆర్య వంశం అని రుజువు చూపించి అనుమతి కార్డు తీసుకోవాలి. తండ్రి యూదుడైతే కార్డు రాదు. పేరు పడని ఎక్స్‌ట్రా వేషాలకు అంత గట్టి తనిఖీ ఉండేది కాదు. కాబట్టి 1942 నుంచి గుంపులో నిలబడే వేషాలే వేసింది. మార్సెల్ కార్నే తీసిన 'లే విజితర్ దు స్వార్'లో ఆమె ఆస్థానంలోని జనంలో ఒకతె. తండ్రి ఇంటిపేరు ప్రాణాంతకమైన రోజుల్లో తల్లి ఇంటిపేరు పెట్టుకుంది. సిన్యోరే అన్నది సినిమా కోసం అందంగా పెట్టుకున్న పేరు కాదు.

ఈ ఎక్స్‌ట్రా కాలం ఆమెకు మేలు చేసిందని నేను నమ్ముతాను. మాటల్లేని వేషంలో చేయగలిగింది ఒక్కటే: కథానాయకుడు మాట్లాడుతుంటే నిజంగా వింటున్నట్టు, నిజంగా చూస్తున్నట్టు ఉండటం. చాలామంది ఎక్స్‌ట్రాలు అక్కడే దొరికిపోతారు. కళ్లు అటువైపే ఉంటాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది.

1943లో దర్శకుడు ఈవ్ అలెగ్రెతో పరిచయమైంది. 1946లో కూతురు కాథరీన్ పుట్టింది, 1948లో పెళ్లి, ఆ తర్వాత కొద్దికాలానికే విడాకులు. ఆయన తీసిన 'దెదె దాంవేర్' 1948లో ఆమెను తారను చేసింది. రేవు పట్టణం ఆంట్‌వెర్ప్‌లోని ఒక బారు, అందులో పనిచేసే వేశ్య కథ. అంతకుముందు 1946లో 'మకదామ్'లోనూ అదే తరహా వేషం, దానికి కొత్త నటీమణులకిచ్చే సుజాన్ బియాంకెత్తి బహుమతి వచ్చింది. 1950లో మాక్స్ ఓఫుల్స్ 'లా రోంద్'లో మళ్లీ వేశ్యే. ఒక మూసలో పడితే బయటికి రావడం ఎక్కడైనా కష్టమే. ఆమె మూసను పగలగొట్టి బయటికి రాలేదు. అదే వేషంలో ఉండి, అందులో ఎవరూ పెట్టని మర్యాదను పెట్టింది. ఆ పని చేసిన సినిమా 'కాస్క్ దోర్'.

1952. దర్శకుడు జాక్ బెకెర్. పేరుకు అర్థం బంగారు శిరస్త్రాణం. నడినెత్తి మీద ఎత్తుగా చుట్టిన పసుపుపచ్చ జుట్టే ఆ శిరస్త్రాణం. కథకు మూలం నిజంగా జరిగింది: 1902 ప్రాంతంలో పారిస్ బెల్‌విల్ పేటలో అమెలీ ఎలీ అనే అమ్మాయి కోసం మాందా, లెకా అనే ఇద్దరు రౌడీలు కత్తులు దూశారు. నిజజీవితంలో ఇద్దరినీ ఫ్రెంచి గయానా కాలాపానీకి పంపారు. బెకెర్ మాందాను వడ్రంగిని చేశాడు, చివర తల నరికే యంత్రం గిలటిన్ కింద పెట్టాడు.

మొదటి సన్నివేశంలో పడవలు ఒడ్డుకొస్తాయి. మేరీ, అంటే సిన్యోరే, తెడ్డు తనే వేస్తుంటుంది. ఏ సంభాషణ లేకుండా ఈ మనిషి ఎవరి మీదా వాలిపోయే రకం కాదని తెలిసిపోయింది. ఒడ్డున ఆరుబయట హోటల్లో వాల్ట్జ్ నృత్యం మొదలవుతుంది. ఆమె తన ప్రియుడు రోలాన్ చేతుల్లో ఆడుతోంది. బల్ల దగ్గర వడ్రంగి మాందా కూర్చున్నాడు. ఆ పాత్ర వేసింది సెర్జ్ రెజియానీ, బక్కపల్చటి మనిషి. వాల్ట్జ్‌లో జంట ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంది. అంటే ఒక అరచుట్టులో ఆమె ముఖం మాందా వైపు ఉంటుంది, తర్వాతి అరచుట్టులో వీపు ఉంటుంది. ప్రతి చుట్టులోనూ చూపు మళ్లీ అదే మనిషి దగ్గరికి వస్తుంది. చుట్టు చుట్టుకీ మాందా వైపు చూపు ఇంకొంచెం తేటపడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ప్రేమ మొదలవడం, రోలాన్‌కు అది అర్థం కావడం, కత్తి పోటు తప్పదని మనకు తెలియడం మూడూ జరుగుతాయి. ఒక్క ముక్క మాట లేదు.

ఇక్కడ సాధారణంగా నటులు చేసే తప్పు ఏమిటంటే, కన్ను చేత 'మాట్లాడించబోతారు'. కనుబొమ్మ ఎత్తుతారు, పెదవి కొరుకుతారు, తల వంచి క్రీగంట చూస్తారు. సిన్యోరే ఆ పనులేవీ చేయదు. తల నిటారుగా, రెప్ప వాల్చకుండా, తిన్నగా చూస్తుంది. క్లోజప్‌లో రెప్పపాటు చాలా పెద్ద కదలిక. తెర మీద అది తలుపు మూసినట్టు కనిపిస్తుంది. ఆమె తలుపు తెరిచే ఉంచుతుంది.

చివరి సన్నివేశం. తెల్లవారుజామున మాందాకు శిరచ్ఛేదం. మేరీ ఆ ఆవరణ కనబడే పై అంతస్తు గది ఒకటి అద్దెకు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. అతను చివరి క్షణంలో ఒంటరి కాకూడదు కాబట్టి చూడటమే ఆమె చేయగలిగిన పని. ఏడ్చే అవకాశం దర్శకుడు ఇచ్చాడు, ఆమె తీసుకోలేదు. ఏడిస్తే కళ్లు మసకబారతాయి, చూడటం కుదరదు. పాత్ర లోపలి నుంచి ఆలోచిస్తే కన్నీరు ఎందుకు తప్పో అర్థమవుతుంది.

విడుదలైనప్పుడు ఫ్రాన్స్‌లో ఈ సినిమా ఆడలేదు. లండన్‌లో విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, బ్రిటిష్ అకాడమీ ఆమెను ఉత్తమ విదేశీ నటిగా ఎంచింది. ఆ తర్వాత ఆ గౌరవం మరో రెండుసార్లు వచ్చింది. స్వదేశం కన్నా ముందు ఇంగ్లండ్ ఆమెను గుర్తుపట్టింది.

ఈ మధ్యలో పెళ్లి. 1949 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లోని సెయింట్-పాల్ ద వాంస్‌లో, కొలోంబ్ దోర్ అనే హోటల్లో, గాయకుడు ఈవ్ మోంతాన్ కలిశాడు. ఇటలీ నుంచి వలస వచ్చిన బీద కుటుంబం అతనిది, అసలు పేరు ఈవో లీవీ. 1951 డిసెంబరులో అదే ఊళ్లో పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లు అతని కచేరీ యాత్రల వెంట ఉండటానికి ఆమె సినిమాలు బాగా తగ్గించుకుంది. 1952 నుంచి 1959 దాకా చూస్తే ప్రధాన వేషాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తక్కువ పని వల్ల నష్టమేమీ జరగలేదు. ఏది ఒప్పుకోవాలో ఆలోచించే తీరిక దొరికింది.

ఆ కొద్దిలో ఒకటి 1955 నాటి 'లే దియాబోలిక్'. దర్శకుడు అన్రీ-జార్జ్ క్లూజో. పారిస్ శివారులో ఒక బోర్డింగు బడి, దాన్ని నడిపే క్రూరుడైన ప్రధానోపాధ్యాయుడు, గుండెజబ్బుతో ఉన్న అతని భార్య, అతని ప్రియురాలైన టీచరు. ఈ ఇద్దరు ఆడవాళ్లూ కలిసి అతన్ని నీటి తొట్టెలో ముంచి చంపుతారు. ఆ తర్వాత శవం కనబడదు. మిగతాది చెప్పను. సిన్యోరే టీచరు. మొదటిసారి కనిపించినప్పుడు కళ్లకు నల్లద్దాలు, కింద దెబ్బ తాలూకు నలుపు. చూపే ఆయుధమైన నటికి దర్శకుడు ముందే కళ్లు మూసేశాడు. ఎందుకు మూశాడో సినిమా అయిపోయాక తెలుస్తుంది. ఎనిమిది వారాలకు ఒప్పందం రాసుకుంటే చిత్రీకరణ పదహారు వారాలు సాగింది, డబ్బు మాత్రం ఎనిమిది వారాలకే ముట్టిందని ఆమె తర్వాత రాసుకుంది. సినిమా దొరికితే మాత్రం 1955 నాటి నలుపు-తెలుపుదే చూడండి. ఇదే పేరుతో 1996లో అమెరికాలో తీసింది వేరే. రెండోసారి చూసేటప్పుడు భార్య మీద కాక సిన్యోరే మీద దృష్టి పెట్టండి. ఒక్క చూపు కూడా అబద్ధం కాదు, కానీ ప్రతిదానికీ రెండు అర్థాలున్నాయి.

ఇప్పుడు ఇంగ్లండ్. 1958లో జాక్ క్లేటన్ తన మొదటి పూర్తి నిడివి చిత్రం 'రూమ్ ఎట్ ద టాప్' తీశాడు, 1959లో విడుదలైంది. ఉత్తర ఇంగ్లండ్‌లో మిల్లుల ఊరు. పేద కుర్రాడు జో లాంప్టన్ పైకి రావాలనుకుంటాడు, మిల్లు యజమాని కూతుర్ని పట్టాలనుకుంటాడు. మధ్యలో వయసులో తనకన్నా పెద్దదైన, పెళ్లయిన ఆలిస్‌ను నిజంగా ప్రేమిస్తాడు. మూల నవలలో ఆలిస్ ఇంగ్లీషు మనిషే. సినిమాలో ఫ్రెంచి మనిషిగా మార్చారు. ఈ మార్పు పాత్రకు ఎంత బలమిచ్చిందో చూడండి. అక్కడి సమాజమంతా యాసను బట్టి మనిషి అంతస్తును కొలుస్తుంది. ఆలిస్ యాస ఏ మెట్టు మీదా నిలవదు. ఆ ఊళ్లో ఆమె ఒక్కతే జోను అతని యాసతో తూచదు, ఆమెనూ అతను తూచలేడు. వాళ్ల మధ్య చనువుకు కారణం అదే.

సిన్యోరేకు అప్పుడు 37 ఏళ్లు. రాత్రి నిద్రలేని కళ్లు, కాస్త బరువెక్కిన ఒళ్లు, చేతిలో సిగరెట్టు. కెమెరా మనిషి ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఆ ముఖాన్ని మెత్తబరచలేదు. అప్పటి పద్ధతి ప్రకారం లెన్సుకు పల్చటి తెర కట్టి, ఎదురుగా ఎత్తున దీపం పెడితే ముడతలు మాయమవుతాయి. అలా చేస్తే ఆలిస్ కథ కుప్పకూలుతుంది. జో ఆమెను వదిలేసేది వయసు వల్లా, పరువు వల్లా. ఆ వయసు మనకు కనబడకపోతే అతని పిరికితనమూ కనబడదు. చివరకు ఆలిస్ మరణాన్ని చూపించరు. జో ఆఫీసులో ఉండగా పక్కవాళ్లు ఆ ప్రమాదం గురించి ముచ్చట్లాడుకుంటుంటే వింటాం. అంతసేపూ మన మనసులో కదిలేది, అంతకుముందు సన్నివేశంలో అతను వెళ్లిపోతుంటే చూసిన ఆమె ముఖమే.

1959 కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి. 1960 ఏప్రిల్ 4న ఆస్కార్. ఆ ఏడు పోటీలో ఉన్నవాళ్లు డోరిస్ డే, ఆడ్రీ హెప్‌బర్న్, కాథరీన్ హెప్‌బర్న్, ఎలిజబెత్ టేలర్. హాలీవుడ్‌లో ఒక్క సినిమా కూడా చేయని నటి, చిన్న బ్రిటిష్ చిత్రంతో, వాళ్లందరినీ దాటింది.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే ఆ గెలుపు బరువు తెలియదు. 1950లో అణ్వాయుధాలను నిషేధించాలంటూ స్టాక్‌హోమ్ విజ్ఞప్తి వచ్చింది. ఆమె, మోంతాన్ సంతకం చేశారు. ఆ సంతకం వల్ల, కమ్యూనిస్టులతో సాన్నిహిత్యం వల్ల అమెరికా ఏళ్ల తరబడి వీసా ఇవ్వలేదు. 1959లో మోంతాన్ న్యూయార్క్‌లో పాడటానికి వెళ్లేటప్పుడే ఇద్దరికీ తలుపు తెరుచుకుంది. ఆ మరుసటి ఏడే ఆస్కార్.

ఎవరో చీటీ పంపారు: "మార్లిన్ మన్రో విషయం చెప్పండి." 1960లో మోంతాన్, మన్రో కలిసి ఒక సినిమా చేశారు. బెవర్లీ హిల్స్ హోటల్లో రెండు జంటలూ పక్కపక్క బంగళాల్లో ఉన్నారు. సిన్యోరే ఐరోపా తిరిగి వెళ్లాక మోంతాన్, మన్రో దగ్గరయ్యారు, పత్రికలు పండగ చేసుకున్నాయి. సిన్యోరే తన ఆత్మకథలో మన్రో గురించి ఒక్క పరుష వాక్యం రాయలేదు, ఆప్యాయంగా రాసింది. పెళ్లి నిలిచింది. దీని మీద వచ్చిన రాతలు ఆమె నటన మీద వచ్చిన రాతలకన్నా ఎక్కువ ఉండటం అన్యాయం. నేను ఇంతకుమించి సమయం ఇవ్వను.

విజయం తర్వాత ఒక అపజయం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కడ జరిగిందో చూస్తే ఆమె బలం ఎక్కడుందో తెలుస్తుంది. 1966లో లండన్ రాయల్ కోర్ట్ నాటకశాలలో అలెక్ గిన్నెస్ సరసన లేడీ మాక్‌బెత్ వేసింది. విమర్శకులు చీల్చి చెండాడారు. ఇంగ్లీషు రాదనా? ఆమెకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. 1962లో ఒక అమెరికన్ నాటకాన్ని తనే ఫ్రెంచిలోకి అనువదించి పారిస్‌లో ఆడింది కూడా. అసలు చిక్కు ఛందస్సులో ఉంది. షేక్‌స్పియర్ పాదంలో పది అక్షరాలు, ఒకటి తేలిక, ఒకటి ఊనిక, అలా ఐదు జతలు. ఊనిక ఏ అక్షరం మీద పడాలో పదమే నిర్ణయిస్తుంది. ఫ్రెంచిలో ఊనిక పదబంధం చివరి అక్షరం మీదికి జారుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ అలవాటున్న నాలుక పాదం నడకను సరిచేయబోతే అర్థం జారిపోతుంది, అర్థం పట్టుకోబోతే నడక చెడుతుంది. మన పద్యంలో గురువు ఉండాల్సిన చోట లఘువు పలికితే చెవికి ఎలా తగులుతుందో ఆలోచించండి. ఆలిస్ పాత్రకు వరమైన యాసే ఇక్కడ గుదిబండ అయింది. పైగా రంగస్థలం మీద క్లోజప్ ఉండదు. వెనక వరుసలో కూర్చున్నవాడికి ఆమె చూపు అందదు, గొంతు ఒక్కటే అందుతుంది.

రాజకీయాల గురించి క్లుప్తంగా. 1956లో సోవియట్ సేనలు హంగరీలోకి వచ్చిన కొన్ని వారాలకే ఆమె, మోంతాన్ ముందే ఒప్పుకున్న కచేరీల కోసం మాస్కో వెళ్లారు. క్రుశ్చేవ్, ఇతర నాయకులు భోజనానికి కూర్చుంటే హంగరీ గురించి మొహం మీదే అడిగారు. 1960లో అల్జీరియా యుద్ధాన్ని ధిక్కరించే 121 మంది ప్రకటన మీద ఆమె సంతకం చేసింది. దాని ఫలితంగా ఫ్రెంచి ప్రభుత్వ రేడియోలో, టెలివిజన్‌లో కొంతకాలం అవకాశం పోయింది. 1970లో కోస్తా-గావ్రాస్ తీసిన 'లావూ'లో, 1952 నాటి ప్రాగ్ బూటకపు విచారణ కథలో, భర్త ఒప్పుకోలు నిజమేనని నమ్మి అతన్ని బహిరంగంగా త్యజించే పార్టీ కార్యకర్త భార్యగా నటించింది. భర్తగా మోంతాన్. ఒకప్పుడు తాము నమ్మినదాన్నే తెర మీద ఇద్దరూ ప్రశ్నించారు. చివరి దశలో, 1982లో, పోలండ్‌కు మందులు, సామాన్లు తీసుకువెళ్లిన వైద్య బృందంతో కలిసి వెళ్లింది.

ఇక నా దృష్టిలో ఆమె చేసిన అత్యుత్తమ పని. 1969, ఝాఁ-పియేర్ మెల్విల్ 'లార్మే దేజోంబ్ర్', అంటే ఛాయల సైన్యం. ఆక్రమిత ఫ్రాన్స్‌లో ప్రతిఘటన దళం కథ. దర్శకుడు స్వయంగా ఆ ఉద్యమంలో ఉన్నవాడు. సిన్యోరే పాత్ర పేరు మతీల్ద్. దళంలో పథకాలు వేసేది ఆమే. వేషాలు మార్చేది, వాహనాలు సమకూర్చేది ఆమే. సాదా కోటు, తలకు గుడ్డ, చేతిసంచి. సంతకు వెళ్లే ఇల్లాలిలా ఉంటుంది, అదే ఆమె రక్షణ.

లియాన్‌లో నాజీల రహస్య పోలీసులైన గెస్టపో చెరలో ఉన్న సహచరుడిని విడిపించడానికి మతీల్ద్ జర్మన్ నర్సు దుస్తుల్లో, జర్మన్ సైనికుల వేషంలో ఉన్న ఇద్దరితో, అంబులెన్సులో జైలుకు వెళుతుంది. ద్వారాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. ఖైదీని తరలించాలని కాగితం చూపిస్తారు. వైద్యుడు లోపలికి వెళ్లి చూసి వచ్చి, ఈ మనిషిని కదిలించడానికి వీల్లేదు, చచ్చిపోతున్నాడు అంటాడు. ఇప్పుడు నటి ముందున్న లెక్క చూడండి. నిజమైన నర్సు అయితే ఈ మాటకు బాధపడదు, బతిమాలదు. ఒక్క క్షణం ఎక్కువ ఆగినా అనుమానం. కానీ మతీల్ద్ లోపల స్నేహితుడు చచ్చిపోతున్నాడు. సిన్యోరే ముఖంలో కండరం కదలదు. మాట ముగించి వెనుదిరిగే దాకా ఉన్న ఆ కొద్ది క్షణాల నిశ్చలతలోనే మనకు ఊపిరాడదు. లూసీ ఓబ్రాక్ గుర్తుందా? వాన్ బడిలో ఆమెకు పాఠం చెప్పిన టీచరు. 1943 అక్టోబరులో అదే లియాన్‌లో, గెస్టపో చేతుల్లో ఉన్న తన భర్తను సాయుధ దళంతో దాడిచేసి విడిపించింది. టీచరు గెలిచిన ఊళ్లోనే శిష్యురాలి పాత్ర ఓడిపోయే సన్నివేశం ఇది.

మతీల్ద్ చేసే తప్పు ఒక్కటే: చేతిసంచిలో కూతురి ఫోటో పెట్టుకుంటుంది. నాయకుడు గెర్బియే, ఆ పాత్రలో లీనో వెంతూరా, దాన్ని తీసెయ్యమని హెచ్చరిస్తాడు. తీయదు. అరెస్టయినప్పుడు జర్మన్లకు ఆ ఫోటో దొరుకుతుంది. దళం పేర్లు చెబుతావా, కూతుర్ని సైనికుల వేశ్యాగృహానికి పంపమంటావా అని అడుగుతారు. ఆమెను వదిలిపెడతారు. దళం ఏం చేయాలో తేల్చుకుంటుంది. పారిస్ వీధిలో కారు పక్కన వచ్చి ఆగుతుంది. మతీల్ద్ నడుస్తూ ఆగి లోపలున్నవాళ్లను చూస్తుంది. అందరూ తనవాళ్లే. కాల్చేస్తారు.

ఆ చూపును ఎలా అర్థం చేసుకోవాలో యాభై ఏళ్లుగా వాదిస్తున్నారు. చంపమని తనే కోరుకుందా? భయమా? నమ్మలేకపోవడమా? గెర్బియేకు కూడా పైనాయకుడైన లూక్ జార్దీ ముందే 'ఆమె ఇదే కోరుకుంటోంది' అని మిగతావాళ్లను ఒప్పిస్తాడు, తర్వాత అది తన ఊహేనని ఒప్పుకుంటాడు. సిన్యోరే ఏ ఒక్క అర్థానికీ మొగ్గలేదు. పెద్దవైన కళ్లు, కాస్త విడిన పెదవులు, అంతే. ఒక భావాన్ని ఎంచుకుంటే ఆ సన్నివేశం తేలిపోయేది. ఆమె చూసింది, తీర్పు మనకొదిలేసింది. ఈ సినిమాను కూడా అప్పటి ఫ్రెంచి విమర్శకుల్లో ఒక వర్గం ద్గోల్ భజన అని కొట్టిపారేసింది. ద్గోల్ ప్రభుత్వం మీద విద్యార్థులు, కార్మికులు చేసిన 1968 మే ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. అమెరికాలో 2006 దాకా విడుదలే కాలేదు.

1971లో 'ల షా', అంటే పిల్లి. భర్తగా నటించిన ఝాఁ గబాఁకు 67, ఆమెకు 50. చుట్టూ ఇళ్లు కూల్చేస్తున్న శివారులో ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసిన ముసలి జంట. చీటీలే వాళ్ల సంభాషణ. భర్త ప్రేమంతా పిల్లి మీద, భార్య ఆ పిల్లిని చంపుతుంది. ఆమె పాత్ర ఒకప్పటి సర్కస్ కళాకారిణి, పడటం వల్ల కాలు కుంటుతుంది. ఆ నడకలో సానుభూతి అడుక్కోవడం ఎక్కడా లేదు. ఎక్కడికి వెళ్లాలో అక్కడికి కాలు ఈడ్చుకుంటూ వెళుతుంది, అంతే. బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఇద్దరికీ నటనకు వెండి ఎలుగుబంటి బహుమతి ఇచ్చారు. యాభై ఏళ్ల నటి తనకన్నా పదిహేడేళ్లు పెద్దవాడికి ఈడైన భార్యగా కనబడటానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో ఎవరూ చేసే పని కాదు. మనవైపు కూడా నలభై దాటిన నాయికకు దొరికేది తల్లి వేషం, అదీ నాలుగు సన్నివేశాలు. ఆమెకు మాత్రం ఆ వయసులోనే కథంతా తన మీద నడిచే వేషాలు వచ్చాయి.

వాటిలో చివరి పెద్దది 1977 నాటి 'లా వీ దెవాఁ స్వా'. మదామ్ రోజా ఆష్‌విట్జ్ నుంచి బతికొచ్చిన యూదు స్త్రీ, ఒకప్పటి వేశ్య, ఇప్పుడు ఇతర వేశ్యల పిల్లలను సాకుతుంది. బెల్‌విల్‌లో ఆరో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కే ప్రతిసారీ ఊపిరి ముందు వినబడుతుంది, మనిషి తర్వాత కనబడుతుంది. రోజాకు మతి తప్పే ఘడియలు వస్తాయి. ఆ సన్నివేశాల్లో ఆమె చేసిన పని జాగ్రత్తగా గమనించండి. కళ్లు తెరిచే ఉంటాయి, ఎదురుగా పిల్లవాడు ఉంటాడు, కానీ చూడటం ఆగిపోయి ఉంటుంది. ముప్ఫై ఏళ్లపాటు చూపుతోనే బతికిన నటి, అదే కళ్లలోంచి చూపును తీసేసి చూపించింది. ఫ్రెంచివాళ్ల సెజార్ పురస్కారం దీనికే వచ్చింది. సినిమాకు విదేశీ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది.

చూడదలచినవాళ్లకు ఒక వరస చెబుతాను. మొదట 'కాస్క్ దోర్', గంటన్నర పైచిలుకు. వాల్ట్జ్ సన్నివేశాన్ని రెండోసారి శబ్దం ఆపేసి చూడండి. తర్వాత 'రూమ్ ఎట్ ద టాప్'. ఆ తర్వాత 'లార్మే దేజోంబ్ర్', దాదాపు రెండున్నర గంటలు, మధ్యలో ఆపకుండా. ఫ్రెంచి చిత్రాలను ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూడకండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వేరే గొంతు పడితే ఆమె తగ్గు స్వరం పోతుంది, అసలు వాక్యం ఎక్కడ ఆగి ఎక్కడ చూపు మొదలైందో ఆ లయ పోతుంది. 'ల షా', మదామ్ రోజా చివర్లో పెట్టుకోండి. మేరీ ముఖం గుర్తుండగానే చూస్తే పాతికేళ్లలో ఆ ముఖం మీద ఏం జరిగిందో అంతా కనబడుతుంది.

ఎనభైల్లో ఆమె కంటిచూపు దాదాపు పోయింది. ఆ స్థితిలోనే పారిస్‌కు వలస వచ్చిన యూదు కుటుంబాల మీద రాసిన 'అదియో వొలోద్యా' అనే పెద్ద నవల 1985లో అచ్చయింది. అదే ఏడు టెలివిజన్ కోసం 'మ్యూజిక్-హాల్'లో నటించింది. 1985 సెప్టెంబరు 30న, నార్మండీలో ఒత్తెయి గ్రామంలోని తమ ఇంట్లో, క్యాన్సర్‌తో కన్నుమూసింది. వయసు 64. పారిస్‌లో పెర్ లాషెజ్ శ్మశానంలో సమాధి. ఆరేళ్ల తర్వాత మోంతాన్‌ను కూడా ఆమె పక్కనే పెట్టారు.